జియోఫోన్ ఎక్కడ పెట్టారు?

గోదావరిఖని, మందమర్రి, శ్రీరాంపూర్ వైపు ఓపెన్‌కాస్టు గనుల పక్కన ఉండేవాళ్లకు బ్లాస్టింగ్ సైరన్ గురించి కొత్తగా చెప్పాల్సిందేమీ లేదు. సైరన్ మోగిన కాసేపటికి నేల అదురుతుంది, కిటికీ రెక్కలు కొట్టుకుంటాయి, అల్మారాలో స్టీలు గిన్నెలు గలగలమంటాయి. ఆ అదురును కొలిచే ఉద్యోగి ఒకరుంటారు. మైనింగ్ డిప్లొమా చేసి సింగరేణిలోనో, బొగ్గు మీది మట్టి, రాయి (ఓబీ) తీసే కాంట్రాక్టరు దగ్గరో, కరీంనగర్ చుట్టుపక్కల కంకర క్వారీల్లోనో చేరిన పిల్లలకు ఈ పని తొందరగానే అప్పజెబుతారు. చేతికి ఒక పెట్టె ఇచ్చి, పోయి రీడింగ్ తెమ్మంటారు. ఎలా తేవాలో కూర్చోబెట్టి చెప్పేవాళ్లు తక్కువ. ఆ పిల్లల కోసమే ఇది రాస్తున్నాను.

పెట్టెకు రెండు తీగలుంటాయి. ఒకదాని చివర జియోఫోన్. అది నేల కదలికను పైకీ కిందికీ, బ్లాస్టు వైపుకూ, దానికి అడ్డంగానూ మూడు విధాలుగా పడుతుంది. రెండో తీగకు మైకు. అది గాలిలో వచ్చే ఒత్తిడిని పడుతుంది. కిటికీ అద్దాలు కొట్టుకునేది చాలాసార్లు ఈ గాలి దెబ్బకే, నేల అదురుకు కాదు. మైకు తగిలించకుండా వెళ్తే ఆ తేడా చెప్పే ఆధారం మీ దగ్గర ఉండదు.

తెరమీద కనిపించే ప్రధానమైన అంకె పీపీవీ. నేల ఊగిన గరిష్ఠ వేగం, సెకనుకు ఇన్ని మిల్లీమీటర్లని. దాని పక్కనే హెర్ట్జ్‌లలో ఫ్రీక్వెన్సీ ఉంటుంది. పీపీవీ ఒక్కటే రాసుకుని ఫ్రీక్వెన్సీ వదిలేసిన రిపోర్టు సగం రిపోర్టే. గనుల భద్రత చూసే డీజీఎంఎస్ 1997లో ఇచ్చిన 7వ నంబరు సర్క్యులర్ ఈ రెంటినీ కలిపే హద్దులు పెట్టింది. గనికి చెందని మామూలు ఇండ్లకు ఫ్రీక్వెన్సీ 8 హెర్ట్జ్ లోపైతే 5 మిల్లీమీటర్లు, 8 నుంచి 25 మధ్యైతే 10, 25 దాటితే 15. నెమ్మదిగా ఊగే అలే ఇంటికి ఎక్కువ చేటు, ఎందుకంటే ఇల్లు కూడా దాదాపు ఆ లయలోనే ఊగుతుంది. పాత కట్టడాలకు హద్దు ఇంకా తక్కువ, 8 హెర్ట్జ్ లోపు 2 మిల్లీమీటర్లే. ఎలగందుల కోటలాంటి చోటు దగ్గర కొలవాల్సి వస్తే చూడాల్సింది ఆ వరుస. గని యజమానికే చెందిన, కొంతకాలమే ఉంచే ఇండ్లకు మాత్రం హద్దులు ఎక్కువ, 10తో మొదలవుతాయి. ఆ వరుసలోని 10ని తెచ్చి ఊరివాళ్ల ఇంటికి పెడితే, దాటిన రీడింగ్ కూడా దాటనట్టు కనిపిస్తుంది. ఏ ఇంటికి ఏ వరుసో పెట్టె తెరవకముందే తేల్చుకోండి.

ఇక అసలు సంగతి. ఈ పనిలో నిజాయితీ అంతా జియోఫోన్ పెట్టే చోటులో ఉంది. బ్లాస్టుకు దగ్గరగా, బలహీనంగా ఉన్న ఇల్లు ఏదో ఆ ఇంటి దగ్గర పెట్టాలి. బయట, పునాదిని ఆనుకుని, గట్టి నేలమీద పెట్టాలి. మేడమీదా ఇంటి మధ్య గచ్చుమీదా వద్దు, అక్కడ కట్టడం ఊపు కూడా కలుస్తుంది. వదులు మట్టి ఉంటే తీసేసి, జియోఫోన్ కింది మేకులు పూర్తిగా దిగేదాకా నొక్కాలి. రాతిమీదైతే ప్లాస్టర్‌తో అతికించండి, లేదా ఇసుక సంచి సరిగ్గా మీద పెట్టండి. పట్టు లేని జియోఫోన్ తనంతట తాను ఎగిరి తప్పుడు అంకె ఇస్తుంది. మీద ఉన్న బాణం గుర్తు బ్లాస్టు వైపు చూడాలి. పెట్టాక ఇల్లూ జియోఫోనూ రెండూ కనిపించేలా ఫొటో తీసి, జీపీఎస్ దూరం రాసుకోండి. "కొంచెం అవతల పెట్టు, తక్కువొస్తది" అని ఎవరైనా అంటే ఆ ఫొటో, ఆ దూరమే మీకు అండ. పెట్టిన చోటు ఉన్నదున్నట్టు రాసి సంతకం చేయండి. రేపు విచారణ వస్తే ఆ మాట అన్నవాళ్లు కనిపించరు, కాగితం మీద మీ సంతకమే ఉంటుంది.

గడియారం సరిచూసుకోవడం మరవొద్దు. రామగుండం, మంచిర్యాల మీదుగా కాజీపేట–బల్లార్షా రైళ్లు పోతాయి, బొగ్గు లారీలు పోతాయి, వాటికీ యంత్రం మేల్కొంటుంది. బ్లాస్టు రిజిస్టరులోని సమయంతో మీ రికార్డు సమయం కలిస్తేనే అది బ్లాస్టు. 2024 డిసెంబరు 4న ఉదయం ఏడున్నర ప్రాంతంలో ములుగు దగ్గర 5.3 తీవ్రతతో భూకంపం వచ్చింది, మన జిల్లాల్లోనూ ఇండ్లు ఊగాయి. ఇంట్లో ఉన్న పగులు ఆ రోజుదా, అంతకు ముందుదా, బ్లాస్టుదా అని అడిగితే జవాబు తేదీ ఉన్న ఫొటోలోనే దొరుకుతుంది.

అందుకే గనిలో కొత్త బెంచి (మెట్టు) తెరవకముందే ఇండ్లు తిరిగి పగుళ్లన్నీ ఫొటో తీయాలి, పక్కన స్కేలు పెట్టి. ఆదిలాబాద్ వైపు ఇది మరీ అవసరం. అక్కడి నల్లరేగడి వానకు ఉబ్బి, ఎండకు కుంచించుకుపోతుంది. పునాది పైపైన వేసిన ఇంటికి ఏ బ్లాస్టూ లేకుండానే కిటికీ మూలల నుంచి ఏటవాలుగా నెర్రెలు పడతాయి. కానీ ఆ మాటను సాకుగా వాడటం అన్యాయం. ముందు సర్వే చేయని కంపెనీకి, ఆ పగులు నేలవల్లే వచ్చిందనే హక్కు లేదని నా అభిప్రాయం.

రీడింగ్ ఎక్కువొస్తే ఏం చేయాలో కూడా మీరే చెప్పగలగాలి. బ్లాస్టులో రంధ్రాలన్నీ ఒక్కసారే పేలవు, కొద్ది కొద్ది వ్యవధితో (డిలే) పేలతాయి. మొత్తం పేలుడు మందు ఎంతన్నదానికన్నా, ఒక్క డిలేకు ఒకేసారి ఎంత పేలుతుందన్నది ముఖ్యం. దూరాన్ని ఆ మందు బరువు వర్గమూలంతో భాగిస్తే స్కేల్డ్ డిస్టెన్స్ వస్తుంది. 400 మీటర్ల దూరం, డిలేకు 400 కిలోలు అనుకోండి, అది 20. డిలేకు 100 కిలోలకు తగ్గిస్తే 40. స్కేల్డ్ డిస్టెన్స్ ఇలా రెట్టింపైతే చాలా రాళ్లలో పీపీవీ దాదాపు మూడో వంతుకు పడిపోతుంది. మీ గనిలో లెక్క ఎలా నడుస్తుందో తెలియాలంటే ప్రతి బ్లాస్టు దూరం, డిలే మందు, పీపీవీ ఎక్సెల్‌లో ఎక్కిస్తూ పోవాలి. కొన్ని డజన్ల వరుసలు చేరాక గీత గీసి చూపించండి. డిజైను మార్చమని పైవాళ్లను అడగడానికి ఆ గీతే ఆధారం. ఉద్యోగం మారేటప్పుడు చూపించదగ్గ పని కూడా అదే. నగరాల్లో పైలింగ్, వైబ్రేటరీ రోలర్ల అదురు కొలవడానికీ ఇదే చేతిపని కావాలి. అయితే అవి ఆగకుండా నడిచే అదురులు కాబట్టి బ్లాస్టు హద్దులు వాటికి పెట్టకూడదు.

ఇంటివాళ్లు తప్పకుండా అడుగుతారు: "మిషన్ల ఎంతొచ్చింది సారూ?" దాచొద్దు. "ఏం కాదు పెద్దమ్మా" అని దాటేయొద్దు. మనిషి ఒంటికి సెకనుకు ఒక మిల్లీమీటరు కాకముందే అదురు తెలుస్తుంది, గోడకు హాని అంతకన్నా చాలా పైన మొదలవుతుంది. కాబట్టి ఆమె భయమూ నిజమే, మీ అంకె కూడా నిజమే. అంకె, హద్దు, తేదీ, సమయం తెలుగులో ఒక చీటీమీద రాసివ్వగలిగితే ఇవ్వండి. అందుకు పైవాళ్ల అనుమతి ముందే అడిగి పెట్టుకోండి.

ఏడాదికోసారి చేయించే కాలిబ్రేషన్ సర్టిఫికెట్ తాజాగా ఉందో లేదో చూడండి, గడువు దాటిన పెట్టె రీడింగ్ ఏ విచారణలోనూ నిలబడదు. ప్రింటు తీసిన గరిష్ఠ అంకె ఒక్కటే కాక, అల మొత్తం ఉన్న ఫైలు దాచండి. ఫైలు పేరులో తేదీ, బెంచి, ఇంటి గుర్తు పెట్టి, ఆఫీసు కంప్యూటర్లో ఒకటి, ఆఫీసు పెన్‌డ్రైవులో ఒకటి ఉంచండి.