దగ్గు మందు, నొప్పి బిళ్ళ – కొలత తప్పితే ఊపిరికే ముప్పు

మామిడి కోతలు మొదలయ్యాయంటే మా ఓ.పి.లో నడుము నొప్పులు, జబ్బ నొప్పులు ఎక్కువవుతాయి. నూజివీడు తోటల్లో చిక్కాలతో కాయ కోసేవారు, ట్రేలు మోసేవారు, హనుమాన్ జంక్షన్‌లో లారీ ఆపి వచ్చే డ్రైవర్లు, అందరిదీ ఒకటే మాట: “సిస్టరమ్మా, నాలుగు రోజులుగా బిళ్ళలు వేసుకుంటున్నా, తగ్గలేదు.” ఏ బిళ్ళ అని అడిగితే జేబులోంచి సగం చింపిన అట్ట తీస్తారు. కొన్నిసార్లు దాని మీద ట్రమడాల్ అని ఉంటుంది. అది మామూలు నొప్పి బిళ్ళ కాదు.

మన పెద్దలకు నల్లమందు తెలుసు. పూర్వం కూలికి వెళ్ళే తల్లులు పసిబిడ్డలకు ఆవగింజంత నాకించి పడుకోబెట్టేవారని చెబుతారు. మార్ఫిన్, కోడీన్ ఆ నల్లమందులోంచి వచ్చినవే. ట్రమడాల్ ఫ్యాక్టరీలో తయారైనా పనిచేసే తీరు దాదాపు అదే. ఇవి మెదడులో నొప్పిని, దగ్గును అణుస్తాయి. మోతాదు మించితే ఊపిరి పీల్చమని చెప్పే భాగాన్ని కూడా అణుస్తాయి. మనిషి మత్తుగా నిద్రపోతున్నట్టే ఉంటాడు, శ్వాస మాత్రం తగ్గిపోతూ ఉంటుంది. ఇంట్లోవాళ్ళు “హాయిగా పడుకున్నాడు” అనుకుంటారు.

చాలా ఏళ్ళ క్రితం నేను మరో ఊళ్ళో పనిచేస్తుండగా నాలుగేళ్ళ పిల్లవాణ్ణి తెల్లవారుజామున భుజాన వేసుకొచ్చారు. పిలిస్తే పలకడం లేదు, కంటిపాపలు సూదిమొనల్లా చిన్నవయ్యాయి, నిమిషానికి ఎనిమిది సార్లు కూడా ఊపిరి తీయడం లేదు. రాత్రి దగ్గు ఆగలేదని తాతగారి కోడీన్ సిరప్ రెండుసార్లు పట్టారట. ఎంత అంటే, “ఒక చెంచానే అమ్మా” అన్నది తల్లి. ఆ చెంచా తెప్పించి కొలిస్తే 15 మి.లీ. పట్టింది! చీటీ మీద చెంచా అంటే 5 మి.లీ. ఆక్సిజన్ పెట్టి, నాలోక్సోన్ ఇంజెక్షన్ ఇచ్చాక బిడ్డ ఏడ్చాడు. ఆ ఏడుపు విని డ్యూటీలో ఉన్న మేమంతా దేవునికి స్తోత్రం చెప్పుకున్నాం.

కాబట్టి వంటింటి చెంచాను పక్కన పెట్టండి. సీసాతో వచ్చిన మూత మీద గీతలు చూడండి, లేదా సూది లేని సిరంజి అడగండి. మిల్లీగ్రాము మందు బరువు, మిల్లీలీటరు ద్రవం కొలత, రెండూ ఒకటి కాదు. సాధారణంగా కోడీన్ సిరప్ 5 మి.లీ.లో 10 మి.గ్రా. మందు ఉంటుంది.

కోడీన్ కాలేయంలో మార్ఫిన్‌గా మారుతుంది. కొందరి శరీరంలో ఇది చాలా త్వరగా జరుగుతుంది. ఎవరిలోనో ముందుగా చెప్పలేం. అందుకే 2017లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 12 ఏళ్ళలోపు పిల్లలకు కోడీన్ ఇవ్వరాదన్నది. పాలిచ్చే తల్లులు కూడా వాడకూడదన్నది. మన కేంద్ర ఆరోగ్య శాఖ 2025 అక్టోబరులో, రెండేళ్ళలోపు పిల్లలకు దగ్గు, జలుబు మందులేవీ రాయవద్దని, ఐదేళ్ళలోపు వారికి కూడా సాధారణంగా వద్దని సూచించింది. ఏడాది దాటిన బిడ్డకు గోరువెచ్చని నీళ్ళలో కాస్త తేనె చాలు. ఆయాసం ఉంటే మాత్రం వెంటనే తీసుకురండి.

ట్రమడాల్ పెద్దవారికి 24 గంటల్లో 400 మి.గ్రా. దాటకూడదు. అంటే 50 మి.గ్రా. బిళ్ళలు ఎనిమిది. అది గరిష్ఠ పరిమితి, అంత వేసుకోమని కాదు! మించితే ఫిట్స్ వస్తాయి. ఫిట్స్ జబ్బున్నవారు, కిడ్నీ జబ్బున్నవారు ముందే చెప్పాలి. వారాల తరబడి వాడినవారు ఒక్కసారిగా మానకూడదు, డాక్టరు మెల్లగా తగ్గిస్తారు. సాయంత్రం కల్లో, సారానో తాగి పైన ఈ బిళ్ళ వేసుకోవడం అన్నిటికంటే ప్రమాదం. నిద్రమాత్రలతో కలిపినా అంతే. లారీ తోలేవారికి నేను గట్టిగానే చెబుతాను, వాళ్ళకు కోపం వచ్చినా సరే.

కోడీన్, ట్రమడాల్ 2014 మార్చి నుండి షెడ్యూల్ హెచ్1 కింద ఉన్నాయి. అట్ట మీద ఎర్ర గీతల పెట్టెలో హెచ్చరిక ఉంటుంది. చీటీ లేకుండా అమ్మరాదు. షాపువారు రిజిస్టరులో మీ పేరు రాసుకుంటే విసుక్కోకండి.

ఇంత చెప్పాక భయపడి క్యాన్సర్ రోగికి మార్ఫిన్ మానిపించేవారున్నారు. అది ఇంకా పెద్ద తప్పు. నొప్పికి తగిన మోతాదులో మొదలుపెట్టి మెల్లగా పెంచితే మార్ఫిన్ ఊపిరి తీయదు. నొప్పి కోసం వాడేవారు వ్యసనపరులైపోవడం అరుదు. 1986 నుండి ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్నది ఇదే: నోటి ద్వారా, గడియారం చూసి ఇవ్వండి. మామూలు మార్ఫిన్ బిళ్ళ నాలుగు గంటలకొకసారి ఇవ్వాలి. “నొప్పి భరించలేనప్పుడే ఇద్దాం” అని దాచవద్దు. ఒక డోసు మరచితే తర్వాత రెండు కలిపి ఇవ్వవద్దు. మలబద్ధకం తప్పక వస్తుంది కనుక విరేచనపు మందు మొదటి రోజు నుండే కావాలి.

సిలువ మీద ప్రభువు బోళము కలిపిన ద్రాక్షారసం తీసుకోలేదు కదా, మేమెందుకు తీసుకోవాలి అని ఒక విశ్వాసి నన్నడిగారు. మంచి సమరయుడు గాయాలకు నూనె, ద్రాక్షారసం పోశాడు గదా అన్నాను. ఆ రాత్రి ఆయన బిళ్ళ వేసుకుని నిద్రపోయారు.

ఎవరైనా ఇవి వేసుకున్నాక లేపినా లేవకపోతే, గురక వింతగా ఉంటే, పెదవులు నీలంగా మారితే 108కి ఫోన్ చేయండి. పక్కకు తిప్పి పడుకోబెట్టండి. నోట్లో ఏమీ పోయకండి. మందు సీసా, అట్ట వెంట తీసుకురండి. ఇంట్లో వీటిని తాళం ఉన్న పెట్టెలో ఉంచి బిళ్ళలు లెక్కపెట్టుకోండి. రోగి చనిపోయాక మిగిలిన మార్ఫిన్ బిళ్ళలు ఇరుగుపొరుగుకు ఇవ్వకుండా, ఇచ్చిన ఆస్పత్రికే తిరిగి అప్పగించండి.