చక్రాల కుర్చీని మనిషికి కుదిర్చే కొలువు

పక్షవాతంతో ఎడమ పక్క పడిపోయిన పెద్దాయన చక్రాల కుర్చీలోంచి లేవబోతున్నాడనుకోండి. కుడి చేత్తో కుడి బ్రేకు వేస్తాడు. ఎడమ బ్రేకు వెయ్యడు. లేచేసరికి కుర్చీ గిర్రున పక్కకు తిరుగుతుంది, ఆయన కింద పడతాడు. ‘చూసుకోవద్దా నాన్నా!’ అని ఇంట్లోవాళ్లు విసుక్కుంటారు. నిజానికి ఆయన చూపు బాగానే ఉంది. మెదడు కుడి భాగం దెబ్బతిన్న కొందరికి ఎడమవైపున్నదేదీ ధ్యాసలోకి రాదు. కంచంలో ఎడమ పక్క అన్నం అలాగే మిగిలిపోతుంది. వేలాడే చెయ్యి చక్రం చువ్వల్లో ఇరుక్కున్నా తెలియకపోవచ్చు.

ఈ సంగతి కనిపెట్టి కుర్చీని ఆ మనిషికి తగ్గట్టు సర్దడం ఒక వృత్తి, అదే ఆక్యుపేషనల్ థెరపీ. బైపీసీ విద్యార్థులకు ఎంబీబీఎస్ సీటు రాకపోతే ఎలా అన్న బెంగే తప్ప, ఈ చదువు గురించి చెప్పేవాళ్లు తక్కువ.

ఈ థెరపిస్టు ఎడమ బ్రేకు పిడికి పొడుగు గొట్టం తొడిగి కుడి చేతికి అందేలా చేస్తారు, కంటికి ఆనేలా ఎర్ర టేపు చుడతారు. పడిపోయిన చేతికి దొప్పలాంటి ఆసరా బిగిస్తారు. అన్నిటికంటే ముందు సీటు ఎత్తు చూస్తారు. మామూలు చక్రాల కుర్చీ సీటు నేలకు దాదాపు 20 అంగుళాల ఎత్తులో ఉంటుంది. బాగున్న చెయ్యి, కాలుతో కుర్చీ నడుపుకునే మనిషికి మడమ నేలకు అందకపోతే, కాలు చాపే కొద్దీ ముందుకు జారిపోతాడు. సీటు రెండంగుళాలు దించితే ఆ బెడద చాలావరకు తీరుతుంది. లేవగానే చక్రాలను వాటంతటవే పట్టేసే బ్రేకులూ ఉన్నాయి. బ్యాటరీ కుర్చీలకైతే అడ్డంకిని పసిగట్టే సెన్సర్లు వచ్చాయి: అమెరికాలో లూసీ, కెనడాలో బ్రేజ్ మొబిలిటీ. హెచ్చరిక మోతగా రావాలా, వెలుగుగా రావాలా, ఒంటికి తగిలే అదురుగా రావాలా అన్నది మాత్రం రోగిని ఎరిగిన థెరపిస్టే తేల్చాలి.

బీవోటీ (బ్యాచిలర్ ఆఫ్ ఆక్యుపేషనల్ థెరపీ) కోర్సు కటక్‌లోని ఎస్‌వీనిర్తార్, కోల్‌కతాలోని ఎన్ఐఎల్‌డీ, వెల్లూరు సీఎంసీల్లో ఉంది. ఇంటర్న్‌షిప్‌తో కలిపి నాలుగున్నర నుంచి ఐదేళ్లు పడుతుంది. ప్రవేశ నియమాలు మారుతున్నాయి కనుక ఈ ఏటి నోటిఫికేషనే చూసుకోండి. పరికరాలు తయారుచెయ్యాలన్న ఆసక్తి ఉంటే ప్రోస్థెటిక్స్ అండ్ ఆర్థోటిక్స్ చదవచ్చు. ఆ వృత్తికి రిహాబిలిటేషన్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ తప్పనిసరి.

ఇంజినీరింగ్ వాళ్లకూ ఇక్కడ చోటుంది. ఐఐటీ మద్రాస్‌లో ప్రొఫెసర్ సుజాతా శ్రీనివాసన్ బృందం 2019లో నిలబెట్టే వీల్‌చైర్ ‘అరైజ్’ తెచ్చింది. అక్కడి నుంచే నియోమోషన్ సంస్థ పుట్టింది. ఫైనలియర్ ప్రాజెక్టు అనగానే సెన్సర్లు కొనేస్తున్న పిల్లలకు నా మాట ఒకటే: ముందు అనుమతి అడిగి ఏదైనా ఫిజియోథెరపీ విభాగంలో వారం రోజులు కూర్చోండి. మంచం మీంచి కుర్చీలోకి మారేటప్పుడు రోగి ఏ చెయ్యి ఆనిస్తున్నాడు, ఏ కాలు మరిచిపోతున్నాడు, రాసుకోండి. చాలాసార్లు కావలసింది సెన్సర్ కాదు, పొడుగు బ్రేకు పిడి.

ప్రైవేటు ఆసుపత్రుల్లో మొదటి జీతం తక్కువగానే ఉంటుంది, అది దాచను. నాడీ పునరావాస కేంద్రాలు, ఇంటికి వెళ్లి చేసే థెరపీ, కాన్పూర్ అలిమ్‌కో లాంటి తయారీ సంస్థలు, స్టార్టప్‌లు పని దొరికే చోట్లు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2012లో తెచ్చిన వీల్‌చైర్ సేవల ప్రాథమిక శిక్షణ పుస్తకాలు నెట్‌లో ఉచితం. కొలతలు తీసే పద్ధతి వాటిలో బొమ్మలతో సహా ఉంది. కోర్సులో చేరకముందే ఓ టేపు పట్టుకుని ఇంట్లోవాళ్ల మీద సాధన చెయ్యొచ్చు.