తప్పిపోయిన ఇల్లు ఏది? (కాలనీ కుటుంబాలకు ఆరోగ్య పాఠం)



విరేచనాలతో సొమ్మసిల్లిన పసిబిడ్డకు సెలైన్ ఎక్కించి, మందులిచ్చి, బాగయ్యాక ఇంటికి పంపుతాం. నెల తిరగకుండానే అదే తల్లి అదే బిడ్డను ఎత్తుకుని మళ్లీ వస్తుంది. "ఎక్కడుంటారమ్మా?" అని అడిగితే "కాలనీలోనండీ" అంటుంది. మందు పనిచేసింది. కానీ బిడ్డ తిరిగి వెళ్లింది ఆ నీటి దగ్గరికే. అందుకే ఈ పాఠం.

ఇల్లు వచ్చింది, ఆరోగ్యం రావాలి

2006లో మొదలైన ఇందిరమ్మ ఇళ్లు, తరువాత పట్టణాల్లో కట్టిన టిడ్కో ఇళ్లు, 2020 డిసెంబరు నుండి పంచిన స్థలాలు ఎన్నో పేద కుటుంబాలకు సొంత గూడునిచ్చాయి. అందుకు దేవునికి స్తోత్రం. అయితే తెనాలి, బాపట్ల, రేపల్లె ప్రాంతాలు డెల్టా భూములు. ఊరి మధ్య మెరక స్థలం దొరకడం కష్టం. ఊరి చివర పల్లపు పొలంలో కాలనీ వేస్తే వాననీరు పోయే దారి ఉండదు. కుళాయి రోజూ రాకపోతే డ్రమ్ముల్లో నీరు పట్టి ఉంచాలి. ఆ నీటిలోనే డెంగ్యూ దోమ పుడుతుంది. మురుగు కాలువలోంచి వెళ్లే పైపు పగిలితే మురుగు మంచినీటిలో కలుస్తుంది. 2018 మార్చిలో గుంటూరు నగరంలో తాగునీరు ఇలా కలుషితమై వాంతులు, విరేచనాలతో పలువురు చనిపోయారు. ఇది పేదవారి తలరాత కాదు, సరిచేయదగిన లోపం.

వాక్యం ఏమి నేర్పుతుంది?

అపొస్తలుల కార్యములు 6వ అధ్యాయం చదవండి. అనుదిన పంపకంలో గ్రీకు భాష మాట్లాడే విధవరాండ్రు తప్పిపోతున్నారని సణుగు పుట్టింది. అపొస్తలులు వారిని గద్దించలేదు. మీలోనుండే ఏడుగురిని ఎన్నుకోమన్నారు. స్తెఫను, ఫిలిప్పు మొదలుకొని ఆ ఏడుగురివీ గ్రీకు పేర్లే. అంటే, ఎవరి ఇంటికి అన్నం అందలేదో ఆ వైపువారికే పంపకం అప్పగించారని గ్రహించవచ్చు.

మహారాష్ట్రలోని జామ్‌ఖేడ్‌లో 1970లో డాక్టర్ రజనీకాంత్ ఆరోలే, డాక్టర్ మేబెల్ ఆరోలే దంపతులు ఇదే దారి పట్టారు. పల్లెవారు ఎంపిక చేసిన స్త్రీలకు ఆరోగ్య శిక్షణ ఇచ్చారు. వారిలో చాలామంది చదువురానివారు, దళితులు. 1971లో అక్కడ పుట్టిన ప్రతి వెయ్యిమంది శిశువులలో 176 మంది ఏడాది నిండకుండానే చనిపోయేవారు. 1990ల నాటికి ఆ సంఖ్య 30 లోపుకు తగ్గింది.

మన కాలనీలో ఏం చేయాలి?

1. ఎన్నుకోండి. ఇరవై ఇళ్లకు ఒకరు చొప్పున ఆరోగ్య పెద్దను ఎన్నుకోండి. చివరి వీధివారు తప్పక ఉండాలి. కులం, మతం చూడకుండా ప్రతి గుమ్మం ఎక్కేవారై ఉండాలి. డ్వాక్రా సంఘంలోని అక్కచెల్లెళ్లు దీనికి తగినవారు.

2. లెక్క రాయండి. గర్భిణులు, ఐదేళ్ల లోపు పిల్లలు, బీపీ, షుగరు మాత్రలు వాడే పెద్దలు, మంచం పట్టినవారు ఏ ఇంట ఉన్నారో రాసి ఆశా కార్యకర్తకు, ఏ.ఎన్.ఎం.కు చూపండి. రెండు వారాలు దాటి దగ్గేవారిని కళ్లె పరీక్షకు పంపండి. ప్రభుత్వ ఆసుపత్రిలో పరీక్ష, మందులు ఉచితం.

3. శుక్రవారం పొడి దినం పాటించండి. డ్రమ్ములు, తొట్లు, పూలకుండీల కింది పళ్లాలు ఖాళీ చేసి, రుద్ది, ఆరబెట్టండి. గుడ్డు దోమగా మారడానికి వారం పది రోజులు పడుతుంది. వారానికొకసారి ఆరబెడితే ఆ వరుస తెగుతుంది.

4. నీటిని కనిపెట్టండి. ఒకే వీధిలో రెండు ఇళ్లలో విరేచనాలు మొదలైతే ఆ రోజే ఏ.ఎన్.ఎం.కు చెప్పండి. నీరు కాచి చల్లార్చి తాగండి. ఓ.ఆర్.ఎస్. ప్యాకెట్ లేకపోతే, లీటరు కాచి చల్లార్చిన నీటిలో ఆరు చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు కలిపి కొద్దికొద్దిగా తాగించండి. టీ చెంచాతో, తలకొట్టి కొలవాలి. బిడ్డ కళ్లు గుంటలు పడినా, తాగలేకపోయినా, మత్తుగా ఉన్నా, మలంలో రక్తం పడినా వెంటనే ఆసుపత్రికి తీసుకురండి.

5. కలిసి అడగండి. పైపు, కాలువ బాగుచేయడం అధికారుల బాధ్యత. అందరి సంతకాలతో సచివాలయంలో అర్జీ ఇచ్చి రసీదు తీసుకోండి. పని కాకపోతే సోమవారం కలెక్టరేటుకు వెళ్లండి. తెనాలివారికి గుంటూరు, బాపట్ల, రేపల్లెవారికి బాపట్ల.

కలిసి ఆలోచించండి

మన కాలనీలో ఏ.ఎన్.ఎం. రాక తెలియని ఇల్లు ఏది? మన ప్రార్థన కూటంలో ఎవరూ పేరు ఎత్తని కుటుంబం ఏది? ఈ వారం ఆ గుమ్మం ఎవరు ఎక్కుతారు?

మేము ఆసుపత్రిలో రోగానికి మందు ఇవ్వగలం. మీ వీధిలో తప్పిపోయిన ఇంటిని కనుగొనగలిగినవారు మీరే. ఆ పనిలో ప్రభువు మీకు తోడైయుండును గాక. ఆమేన్.