కాలిలో రక్తపు గడ్డ, పైగా రక్తస్రావ భయం

పిక్క వాచింది, రక్తం గడ్డకట్టిందని స్కానింగ్‌లో తేలింది. అదే మనిషికి నెల కిందటే కడుపులో పుండు నుంచి రక్తం పోయింది. గడ్డకు మందు ఇస్తే పుండు మళ్లీ కారవచ్చు. ఇవ్వకపోతే గడ్డలో ముక్క ఊడి ఊపిరితిత్తులకు చేరవచ్చు. ఇలాంటప్పుడే ఇంట్లోవాళ్లు హకీం సాబ్ దగ్గరకొచ్చి "యునానీలో వేరే దవా లేదా?" అని అడుగుతుంటారు.

ముందుగా ఒక పొరపాటు తీసేద్దాం. షాహ్‌తరా, చిరాయతా, ఉన్నాబ్ వంటి ముసఫ్ఫీ దవాలు చర్మం మీది గుల్లలకు, దురదకు వాడేవి. సిరలోని గడ్డకు వాటితో పని జరగదు. నిజానికి ఆస్పత్రి మందు కూడా గడ్డను నేరుగా కరిగించదు, పెరగకుండా ఆపుతుంది. కరిగించేది మన శరీరమే. అందుకే కనీసం 3 నెలలు వాడమంటారు.

రక్తస్రావ భయం ఉన్నవారికి డాక్టర్లు తరచుగా హెపారిన్‌ను డ్రిప్‌లో పెడతారు. ఆపేస్తే కొన్ని గంటల్లోనే దాని ప్రభావం తగ్గుతుంది, ప్రోటమిన్ అనే విరుగుడూ ఉంది. అసలు రక్తం పోతూనే ఉంటే, పొట్టలోని పెద్ద సిరలో చిన్న జల్లెడలాంటి ఫిల్టర్ పెట్టవచ్చు. అది ముక్కల్ని పైకి పోనివ్వదు, కానీ గడ్డకు వైద్యం కాదు. భయం తగ్గాక మందు మొదలుపెట్టి, ఫిల్టర్ తీసేయించుకోవాలి. తీయించుకోవడం మరచిపోయేవారూ ఉన్నారు సుమా! ప్లేట్‌లెట్లు 50,000 కన్నా తగ్గితే సాధారణంగా మోతాదు తగ్గిస్తారు.

ఇక మన వైపు జాగ్రత్తలు. ఈ మందులు వాడేవారు హిజామా చేయించుకోకండి. గాటు పెట్టిన చోట రక్తం ఆగకపోవచ్చు. గడ్డ ఉన్న కాలికి మాలిష్ కూడా వద్దు. కూరలో వెల్లుల్లి, అల్లం వేసుకోవచ్చు. వెల్లుల్లి మాత్రలు, చెంచాల కొద్దీ కలోంజీ నూనె మాత్రం డాక్టరుకు చెప్పకుండా మొదలుపెట్టకండి. మోకాళ్ల నొప్పులకు డైక్లోఫెనాక్, ఆస్పిరిన్ కొనుక్కుని మింగడం వీటన్నిటికన్నా ప్రమాదం. వార్ఫరిన్ వాడేవారు ఆకుకూరలు మానక్కర్లేదు, రోజూ ఇంచుమించు ఒకే కొలత తినాలి. ఐఎన్ఆర్ పరీక్ష సాధారణంగా 2 నుంచి 3 మధ్య ఉండేలా చూసుకోవాలి.

రంజాన్‌లో రోజా ఉండాలనుకుంటే ముందే డాక్టరును అడగండి. రివరోక్సబాన్ 15, 20 మిల్లీగ్రాముల మాత్రలు భోజనంతోనే వేసుకోవాలి. రోజుకు ఒక్కసారే అయితే ఇఫ్తార్ భోజనంతో కుదరవచ్చు. అపిక్సబాన్ రెండుపూటలా వేసుకునేది, సహరీకి ఇఫ్తార్‌కూ సర్దవచ్చేమో ఆయనే చెప్పాలి. రోజా కోసం మీ అంతట మీరు మోతాదు వదిలేయకండి.

మలం తారులా నల్లగా వచ్చినా, మూత్రంలో రక్తం పడినా, తలకు దెబ్బ తగిలినా, ఉన్నట్టుండి ఆయాసం, ఛాతీ నొప్పి వచ్చినా దవాఖానాకు వెంటనే వెళ్లండి. వెళ్లేటప్పుడు ఆస్పత్రి చీటీతోపాటు మీరు వాడుతున్న యునానీ దవా సీసాలూ సంచిలో వేసుకుని డాక్టరుకు చూపించండి.