లే-ఆఫ్ వేరు, రిట్రెంచ్‌మెంట్ వేరు

ఉద్యోగం ఊడితే ఇప్పుడందరి నోటా ఒకటే మాట: లే-ఆఫ్. అమెరికా వాడుక అది. అక్కడ లే-ఆఫ్ అయ్యారంటే సాధారణంగా కొలువు పోయినట్టే. హెచ్-1బీ మీదున్న మనవాళ్లకు గరిష్ఠంగా 60 రోజుల గడువు మొదలవుతుంది. అది మెయిల్ వచ్చిన రోజు నుంచి కాదు, ఉద్యోగంలో ఆఖరి రోజు నుంచి. ఆ తేదీని ముందు రాతపూర్వకంగా తీసుకోండి.

మన చట్టంలో మాత్రం లే-ఆఫ్ అయినవాడి పేరు మస్టర్‌లోనే ఉంటుంది. కరెంటు లేకో, ముడిసరుకు అందకో, మిషను చెడిపోయో యాజమాన్యం కొన్నాళ్లు పని చూపించలేకపోవడమే లే-ఆఫ్. 1947 నాటి పారిశ్రామిక వివాదాల చట్టం అలాగే చెప్పింది, 2020 నాటి కోడ్ కూడా ఆ అర్థాన్నే ఉంచింది. 50 మందికి తగ్గని ఫ్యాక్టరీలో ఏడాది సర్వీసు నిండిన కార్మికుడికి ఆ రోజులకు బేసిక్, డీఏలలో సగం రావాలి. బదిలీ, క్యాజువల్ కార్మికులకు రాదు. సీజన్‌లోనే నడిచే ఫ్యాక్టరీలకూ ఈ లెక్క లేదు. ఒక మెలిక ఉంది: పని లేదు కదా అని ఊరెళ్లిపోతే ఆ సగం కూడా అడగలేం. రోజుకొక్కసారైనా, చెప్పిన వేళకు వెళ్లి హాజరు వేయించుకోవాలి.

మనిషినే తీసేస్తే అది రిట్రెంచ్‌మెంట్. ఏడాది నిండినవారికి నెల నోటీసు లేదా నెల జీతం, పైగా పూర్తయిన ప్రతి ఏడాదికీ 15 రోజుల సగటు వేతనం. ఎనిమిదేళ్లు చేసినవారికి 120 రోజుల వేతనమన్నమాట. గ్రాట్యుటీ దీనికి అదనం. మామూలుగా ఆ విభాగంలో చివర చేరినవారినే ముందు తీయాలి.

అందుకే కొన్నిచోట్ల ఈ మాట కాగితమ్మీదకు రానివ్వరు. ‘మీరే రిజైన్ చేయండి, రికార్డు బాగుంటుంది’ అని మెత్తగా చెబుతారు. రికార్డు సంగతేమో గానీ, తనంతట తాను మానుకున్నవాడికి రిట్రెంచ్‌మెంట్ పరిహారం రాదు. మేనేజర్ హోదావారికి ఈ రక్షణ ఎలాగూ లేదు, వాళ్లకు అపాయింట్‌మెంట్ లెటర్‌లో రాసుకున్నదే దిక్కు. మిగతావాళ్లు అక్కడికక్కడ సంతకం పెట్టకుండా ఒక మెయిల్ పంపండి: నేను రోల్స్‌లో ఉన్నానా, ఏ తేదీ వరకు, నాకు రావాల్సింది ఎంత? జవాబు వచ్చాక పీఎఫ్, గ్రాట్యుటీ లెక్కలు పక్కన పెట్టుకుని ఆ కాగితాన్ని యూనియన్ వాళ్లకో, కార్మిక శాఖ కార్యాలయంలోనో చూపించండి.