దొమ్మరోగము - చచ్చిన పశువును కోయరాదు

భద్రాచలము, చర్ల, దుమ్ముగూడెము ప్రాంతములలో అడవి అంచున మేకలను, పశువులను మేపు రైతులకు ఈ కష్టము తెలియనిది కాదు. సాయంకాలము బాగుగా మేసివచ్చిన మేక తెల్లవారుసరికి దొడ్డిలో చచ్చి పడియుండును. పెంచిన జీవమును ఊరక పాతిపెట్టుటకు మనసు ఒప్పదు. కోసి నలుగురము పంచుకొందమనిపించును. ప్రమాదమంతయు ఆ కోతలోనే యున్నది.

ఇట్టి ఆకస్మిక మరణమునకు దొమ్మరోగము కారణము కావచ్చును. దీనినే ఆంత్రాక్స్ అందురు. దీనికి మూలము ఒక సూక్ష్మజీవియని 1876లో జర్మనీ దేశీయుడు రాబర్టు కాక్ నిరూపించెను. కళేబరమును కోయకున్నచో క్రిములు లోపల కుళ్ళుతోపాటు చాలవరకు నశించును. కోసి గాలి తగిలించినచో అవి సిద్ధబీజములుగా మారి నేలలో దశాబ్దముల తరబడి నిలుచును. వానలకు పైకి తేలి, గడ్డితో మరల పశువు కడుపు చేరును.

రోగపు గుర్తులేవి?

ముక్కు, నోరు, మలద్వారముల నుండి గడ్డకట్టని నల్లని రక్తము కారును. కళేబరము త్వరగా ఉబ్బును, సరిగా బిగుసుకొనదు. ఒక్కొక్కప్పుడు ఏ గుర్తులును కనబడవు.

మనుష్యులకు ఎట్లు సోకును?

కోసినవారి చేతిగీతల గుండా క్రిమి లోనికి పోవును. మొదట దురదపొక్కు లేచి, పిదప నొప్పిలేని నల్లని పుండగును. మాంసము తినినవారికి కడుపులో సోకి ప్రాణాపాయము కలుగవచ్చును. మామూలు వంటతో సిద్ధబీజములు చచ్చునని నమ్మరాదు. 2016లో విశాఖ మన్యమునందలి కోడిపుంజువలసలో చచ్చిన జీవాల మాంసము వలన గిరిజనులకు ఈ పుండ్లు లేచినవి. 2021లో వరంగల్లు జిల్లా దుగ్గొండి మండలములోను గొర్రెలు ఈ రోగముతో చచ్చినవి.

మీరు చేయవలసిన పనులు

1. హఠాత్తుగా చచ్చిన పశువును కోయరాదు, తోలు తీయరాదు, వాగులో పారవేయరాదు.

2. వెంటనే పశువైద్యునికి కబురు పంపవలెను. కుక్కలను దగ్గరకు రానీయరాదు.

3. నీటి వనరులకు దూరముగా, ఆరడుగుల లోతున సున్నము చల్లి పాతి, పైన ముళ్ళకంచె వేయవలెను.

4. రోగము వచ్చిన గ్రామములలో ఏటేట వానలకు ముందే మందకంతకు టీకాలు వేయించవలెను.

5. పొక్కు లేచినను, జ్వరము వచ్చినను ఆలస్యము చేయక ఆసుపత్రికి పోవలెను. మొదటనే పోయినచో ఇది మందులతో నయమగును. చచ్చిన పశువును ముట్టిన సంగతి వైద్యునికి దాచక చెప్పుడు.