అమ్మేవాడి పేరేమిటి?

ఎమ్మిగనూరు

చిరంజీవి మహేశ్‌కు పెదనాయన ఆశీస్సులు.

నువ్వు వాట్సాప్‌లో పంపిన బూట్లు చూశాను. షాపులో ఎనిమిది వేలు పలికే కంపెనీ జత పన్నెండు వందలకే గూడూరుకు వస్తుందని మురిసిపోతున్నావు. డబ్బు కట్టే ముందు ఒక్క పని చెయ్. ఆ సైటులో అమ్మేవాడి పేరు వెతుకు. నేను వెతికాను. పేరు లేదు, ఊరు లేదు. ‘ఇంకా పది నిమిషాలే’ అని పరిగెత్తే గడియారం మాత్రం ఉంది.

నెట్‌లో అమ్మే సంస్థ తన పేరు, చిరునామా, ఫిర్యాదుల అధికారి వివరాలు చూపించి తీరాలని 2020 నాటి ఈ-కామర్స్ నిబంధనలు చెబుతున్నాయి. ఫిర్యాదు అందిందని 48 గంటల్లో చెప్పాలి, నెలలో తేల్చాలి. పెద్ద యాప్ అయినా సరే, యాప్ వేరు, అందులో అమ్మేవాడు వేరు. వాడి పేరు నొక్కి చూడు.

నకిలీ సంగతి మన నేతగాళ్లకు ఒకరు చెప్పాలా? మాచాని సోమప్ప గారు 1938లో ఇక్కడ నేత సంఘం పెట్టారు. ఇంత పేరున్న ప్రాంతంలోనూ మరమగ్గం చీరను చేనేతని అంటగట్టేవాళ్లుంటారు. అందుకే తెలిసినవాళ్లు అంచు దగ్గర సన్నటి సూదిరంధ్రాలు ఉన్నాయా అని చూస్తారు. బూటులో అయితే నాలుక లోపలి చీటీ చూడు. దాని మీది మోడల్ నంబరు, పెట్టె మీదిది ఒకటే అయ్యుండాలి. ఆ నంబరు గూగుల్‌లో కొడితే అదే బూటు, అదే రంగు రావాలి. ఐఎస్ఐ గుర్తుంటే దాని కింది లైసెన్సు నంబరును బీఐఎస్ కేర్ యాప్‌లో సరిచూసుకో. చేయి తిరిగినవాడు చీటీని కూడా అచ్చం దించేస్తాడు. అందుకే ముందు అమ్మేవాణ్ణి చూడమంటున్నాను.

‘సరుకు వచ్చాకే కదా డబ్బులిచ్చేది’ అని ధీమాగా ఉండకు. చాలాచోట్ల డబ్బిచ్చాకే పెట్టె విప్పనిస్తారు. ఓపెన్ బాక్స్ డెలివరీ ఉంటే అదే పెట్టుకో, లోపల చూశాకే ఓటీపీ చెప్పు. లేదంటే చిరునామా చీటీ కనబడేలా మొదలుపెట్టి, టేపు కోయడం నుంచి బూటు బయటికి తీసేదాకా ఆపకుండా వీడియో తియ్.

నువ్వు పెట్టని ఆర్డరు రద్దు చేస్తాం, ఓటీపీ చెప్పమంటే ఫోన్ పెట్టెయ్. ‘చిరునామా సరిగా లేదు, ఈ లింకు నొక్కండి’ అని పోస్టాఫీసు పేరుతో మెసేజీలు వస్తాయి, అవి దొంగవి. స్టార్ 21తో మొదలయ్యే నంబరు కొట్టమంటే కొట్టకు, కొడితే నీ కాల్స్ దొంగ ఫోనుకు మళ్లుతాయి. డబ్బు వాపసు రావడానికి యూపీఐ పిన్ అక్కర్లేదు. కస్టమర్ కేర్ నంబరు కూడా యాప్ లోపలే తీసుకో, గూగుల్‌లో దొంగ నంబర్లు పెట్టి కూర్చుంటారు.

డబ్బు పోతే సిగ్గుపడి దాచొద్దు, వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చెయ్. ఎంత త్వరగా చెబితే అవతలి ఖాతాలో సొమ్ము ఆపే వీలు అంత ఉంటుంది. నకిలీ సరుకు అంటగడితే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి చెయ్. దానికీ లొంగకపోతే కర్నూలులో వినియోగదారుల కమిషన్ ఉంది. అమ్మినవాడు ఢిల్లీలో ఉన్నా, 2019 చట్టం ప్రకారం మనం ఉన్న జిల్లాలోనే కేసు వేయొచ్చు.

పాత బూట్లు నిజంగానే పాడయ్యాయా? నీకు కావలసింది పొద్దున పరుగుకా, కాలేజీలో చూపించుకోవడానికా? పరుగుకే అయితే ఆదోనిలో తొడిగి చూసి కొందాం, ఆదివారం రా.

ఇట్లు,
నీ పెదనాయన